లోట్ లోయలో కాలినడక: సాం-కోమ్ నుండి కోంక్ వరకు పాత ఫ్రెంచి ఊళ్లను చూసే తీరు

ఫ్రాన్సు పల్లెల వారసత్వాన్ని చూడాలనుకునేవారికి అద్దె కారు తీసుకుని రోజుకు ఐదారు ఊళ్లు చుట్టిరావడం సులువుగా తోస్తుంది. అలా తిరిగితే రెండో రోజుకే ఊళ్ల పేర్లూ చర్చిల పేర్లూ కలగలిసిపోతాయి. ఫలానా ఊరు ఆ నది మలుపులోనే ఎందుకు వెలసిందో, ఆ వంతెనను అక్కడే ఎందుకు కట్టారో మాత్రం తెలియకుండానే ఉండిపోతుంది. ఈ ఊళ్లలో చాలావాటికి బతుకుతెరువు ఇచ్చింది కాలినడకన వచ్చే బాటసారులే కనుక, వాటిని అదే వేగంతో చేరుకున్నప్పుడే వాటి అమరిక అర్థమవుతుంది. దేశమంతా గాలించి ఇరవై ఊళ్లు ఎంచుకోవడం కన్నా, ఒకే పాత దారిలో యాభై అరవై కిలోమీటర్ల దూరాన్ని ఎంచుకుని మూడు రోజులు నడవడం మేలని చెప్పడానికి కారణం అదే. దక్షిణ ఫ్రాన్సులోని అవేరోన్ జిల్లాలో, లోట్ నది లోయలో, సాం-కోమ్-దోల్ట్ నుండి కోంక్ వరకు సాగే సుమారు 55 కిలోమీటర్ల దారి అటువంటిది. మొదటిసారి వెళ్లేవారికి ఇంతకన్నా అనువైనది దొరకడం కష్టం.

లె ప్యూయి పట్టణం నుండి స్పెయిన్‌లోని క్రైస్తవ పుణ్యక్షేత్రం శాంటియాగో దె కంపోస్తెలాకు వెళ్లే పురాతన యాత్రామార్గంలో ఇది ఒక భాగం. లె ప్యూయి బిషప్ గోదెస్కాల్క్ 950లో పరివారంతో శాంటియాగోకు బయలుదేరాడని ఆనాటి రాతప్రతి ఒకటి సాక్ష్యమిస్తోంది. ఆ తరువాతి శతాబ్దాలలో యాత్రికులు పెరిగిన కొద్దీ దారి పొడవునా మఠాలు, సత్రాలు, వంతెనలు వెలిశాయి. నేడు అదే దారిని జి.ఆర్. 65 (జి.ఆర్. అంటే దూరపు నడకదారి) అనే పేరుతో గుర్తులు వేసి నిలబెట్టుకుంటున్నారు. 1998లో యునెస్కో ఫ్రాన్సులోని శాంటియాగో మార్గాలను ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చినప్పుడు, చర్చిలు, వంతెనల వంటి కట్టడాలతోపాటు నడకదారికి చెందిన ఏడు భాగాలను కూడా చేర్చింది. ఆ ఏడూ ఈ లె ప్యూయి మార్గంలోనివే. అందులో ఒకటి సాం-కోమ్ నుండి ఎస్తాన్ వరకు ఉన్న దారి. కాళ్ల కింది మట్టిబాటకే వారసత్వ హోదా ఉన్న ఇటువంటి చోట, నడవకుండా ఊళ్లు మాత్రమే చూసి వచ్చేవారు అసలు వస్తువును వదిలేసినట్టే.

ఈ దారిలోని సాం-కోమ్, ఎస్తాన్, కోంక్ మూడూ 'ఫ్రాన్సులోని అతి సుందర గ్రామాలు' అనే సంఘంలో సభ్యులు. ఎర్ర రాతి ఇళ్లకు పేరుపడిన కొలోంజ్-లా-రూజ్ మేయరు షార్ల్ సెరాక్ చొరవతో 1982లో ఏర్పడిన ఈ సంఘంలో చేరాలంటే ఊరి జనాభా 2,000 దాటకూడదు, చట్టరక్షణ పొందిన కట్టడాలు లేదా స్థలాలు కనీసం రెండు ఉండాలి. ఊరి పొలిమేరలో ఆ సంఘం బోర్డు కనిపిస్తే ఆగవలసిన చోటని గ్రహించవచ్చు, కానీ బోర్డు లేని ఊరిని తక్కువగా చూడనవసరం లేదు. ఇదే దారిలో ఉన్న ఎస్పాలియోన్ జనాభా ఎక్కువైనందువల్ల ఆ జాబితాలోకి రాని పట్టణం. అయినా అక్కడి పాత వంతెన, చర్మకారుల ఇళ్లు, పొలిమేరలోని పెర్స్ చర్చి కలిపి చూస్తే ఒక పూట చాలదు.

బయలుదేరే ముందు

మే రెండో సగం నుండి జూన్ చివరి వరకు, మళ్లీ సెప్టెంబరులో ఈ లోయ నడకకు బాగుంటుంది. జూన్‌లో రాత్రి తొమ్మిదిన్నర దాటినా వెలుతురు ఉంటుంది. జూలై, ఆగస్టుల్లో మధ్యాహ్నపు ఎండ మన ఎండలకు అలవాటుపడినవారినీ ఇబ్బంది పెడుతుంది, ఎందుకంటే బరువుతో కొండ ఎక్కడం వేరు, ఎండలో ఊరికే తిరగడం వేరు. మే నెలలో 1, 8 తేదీలు, క్రీస్తు స్వర్గారోహణ పండుగ వరుసగా సెలవులు కావడంతో ఆ వారాంతాల్లో బసలు దొరకవు.

భారతదేశం నుండి వెళ్లేవారికి షెంగెన్ వీసా కావాలి. దానికి కనీసం 30,000 యూరోల వైద్యబీమాతోపాటు బస వివరాలు చూపించాలి. ఇక్కడ ఒక చిక్కు ఉంది. పల్లెల్లోని యాత్రికుల బసలు చాలావరకు ఫోనులోనో ఈమెయిలులోనో మాటమీద గది ఉంచుతాయి తప్ప హోటళ్లలాగా ముద్రవేసిన పత్రం పంపవు. కాబట్టి మొదటే రాతపూర్వకమైన ధ్రువీకరణ కావాలని అడిగి, తేదీలు, పేర్లు పాస్‌పోర్టులో ఉన్నట్టే రాయించుకోవాలి.

ఈ బసలను అక్కడ 'జీట్ దెటాప్' అంటారు. నలుగురైదుగురు పడుకునే ఉమ్మడి గదులు, కొన్నిచోట్ల ఇద్దరి గదులు ఉంటాయి. రాత్రి భోజనం, పడక, ఉదయపు ఫలహారం కలిపి ఇచ్చే 'దెమీ-పాన్సియోన్' పద్ధతినే ఎంచుకోవాలి, ఎందుకంటే గోలిన్యాక్ వంటి చిన్న ఊళ్లలో రాత్రిపూట వేరే చోట తిండి దొరుకుతుందన్న నమ్మకం లేదు. సాధారణంగా మధ్యాహ్నం మూడు తరువాతే తలుపు తీస్తారు. బూట్లు గుమ్మం దగ్గరి అరల్లో విడిచి లోపలికి వెళ్లాలి. నల్లుల భయంతో కొన్నిచోట్ల వీపు సంచులను కూడా కిందే ఉంచమంటారు. ఇది మనల్ని అనుమానించడం కాదు, అందరికీ ఒకే నియమం. ఏడు గంటలకు అందరూ ఒకే బల్ల చుట్టూ కూర్చుని తింటారు. ఆలస్యంగా వస్తే వేరుగా వడ్డించరు. దుప్పటి ఇస్తారు గాని పక్కగుడ్డ ఇవ్వని చోట్లు ఉన్నందున సంచిలా కుట్టిన పలచని పక్కగుడ్డ వెంట ఉండాలి. కొన్ని బసలలో కార్డు పనిచేయదు కనుక ఎస్పాలియోన్‌లోనే నగదు తీసుకోవాలి.

శాకాహారులు ఆ విషయాన్ని గది అడిగినప్పుడే చెప్పాలి, వెళ్లాక చెబితే వంటవారు చేయగలిగింది తక్కువ. 'శాకాహారం' అన్న ఒక్క మాటతో సరిపెట్టకుండా మాంసం, చేప, మాంసపు రసంతో కాచిన సూపు తినమని విడివిడిగా రాయడం మంచిది. ఈ ప్రాంతపు పేరుమోసిన వంటకం అలిగో. ఉడికించి మెదిపిన బంగాళాదుంపలో వెన్న, మీగడ, కొద్దిగా వెల్లుల్లి, మాగబెట్టని తాజా తోమ్ జున్ను వేసి, కొయ్య గరిటెతో పొయ్యి మీదే గట్టిగా తిప్పుతారు; జున్ను కరిగి సాగడం మొదలయ్యాక వడ్డించే మనిషి గరిటెను తలకన్నా ఎత్తుకు లేపినా ఆ తెల్లని పట్టీ తెగకుండా పళ్లెంలోకి జారుతుంది. దీనిని సాసేజితో వడ్డించడం ఆనవాయితీ కనుక విడిగా పెట్టమని అడగాలి. సంప్రదాయ జున్నులో దూడ కడుపునుండి తీసిన రెన్నెట్ వాడతారన్నది నియమం పాటించేవారు ముందే తెలుసుకోవలసిన విషయం.

సంచి బరువు ఏడెనిమిది కిలోలు దాటకూడదు. కనీసం నెల రోజులు వేసుకుని నడిచిన బూట్లు, వానకోటు, దిగుళ్లలో మోకాళ్లను కాపాడే రెండు చేతికర్రలు, లీటరున్నర నీళ్లు ముఖ్యమైనవి. సంచిని ఒక బస నుండి మరో బసకు వ్యానులో చేర్చే సేవలు ఈ దారిలో వేసవి అంతా ఉంటాయి. వయసు మీరినవారు మొహమాటపడకుండా వాటిని వాడుకోవచ్చు.

గుర్తులు, మర్యాదలు

జి.ఆర్. దారికి గుర్తు పైన తెలుపు, కింద ఎరుపు పట్టీలు. చెట్ల మీద, రాళ్ల మీద, కరెంటు స్తంభాల మీద చేతితో పూసి ఉంటాయి. వాటిని చూసుకునేది నడకదారుల సమాఖ్య స్వచ్ఛంద కార్యకర్తలు. పట్టీల కింద వంగిన బాణం ఉంటే దారి అటు తిరుగుతుంది. రెండు పట్టీలు గుణకారపు గుర్తులా ఒకదానినొకటి కోసుకుంటే అది తప్పుదారి. పసుపు పట్టీ ఒక్కటే ఉంటే అది ఊరి చుట్టూ తిరిగే చిన్న నడకదారి, పసుపు-ఎరుపు ఉంటే ఆ ప్రాంతపు చుట్టుబాట. పది నిమిషాలు నడిచినా గుర్తు కనిపించకపోతే ముందుకు సాగకుండా చివరి గుర్తు దగ్గరికి వెనక్కి రావాలి. ఫోనులో పటం ఉన్నా 1:25,000 ప్రమాణంలో జాతీయ భౌగోళిక సంస్థ అచ్చువేసిన కాగితపు పటం వెంట ఉంచుకోవాలి. గుర్తులు దారి చూపుతాయి గాని, ఎదుటి గుట్ట మీది శిథిలకోట పేరు పటంలోనే ఉంటుంది.

పశువుల దొడ్డి గేటు తీస్తే మూయవలసిందే. బూడిద గోధుమరంగు ఒంటితో, కాటుక పెట్టినట్టున్న కళ్లతో ఉండే ఓబ్రాక్ ఆవులు సాధుజీవులే అయినా, ఆవుకూ దూడకూ మధ్య నుండి పోకూడదు. గడ్డిలో కూర్చున్న రోజు సాయంత్రం కాళ్లకు, మోకాళ్ల మడతలకు పిడుదులు పట్టాయేమో చూసుకోవాలి. సెప్టెంబరు నుండి వేట మొదలవుతుంది. దారి పక్కన వేట సాగుతోందని బోర్డు ఉంటే రంగు బట్టలు వేసుకుని దారి వీడకుండా నడవాలి. కుళాయి మీద 'నాన్ పోతాబ్ల్' అని ఉంటే ఆ నీరు తాగడానికి పనికిరాదు. నీళ్లు అయిపోతే శ్మశానవాటికలో కుళాయి ఉంటుంది, అక్కడ నింపుకోవడం యాత్రికులందరూ చేసే పనే. ఎదురైన మనిషికి 'బోంజూర్' చెప్పకుండా ప్రశ్న అడగడం అక్కడ అమర్యాద. అత్యవసరానికి 112.

సాం-కోమ్ నుండి ఎస్తాన్

ప్యారిస్ నుండి రొదేజ్‌కు రాత్రి రైలు ఉంది. అక్కడి నుండి ప్రాంతీయ బస్సులో ఎస్పాలియోన్ చేరి, సాం-కోమ్‌కు వెళ్లవచ్చు. మొదటి సాయంత్రం సాం-కోమ్‌కే కేటాయించాలి. పాత కందకాన్ని పూడ్చి దాని మీదే ఇళ్లు కట్టుకోవడం వల్ల ఊరు వలయంలా ఉంటుంది. బయటి వీధి చుట్టూ ఒకసారి తిరిగి, పాత ద్వారాల గుండా లోపలికి వెళితే ఒకప్పటి కోట హద్దు తేలికగా అర్థమవుతుంది. 16వ శతాబ్దపు చర్చి గోపురశిఖరం తాడు పేనినట్టు మెలితిరిగి ఉంటుంది. చర్చి గుమ్మం దగ్గర నిలబడి మెడ ఎత్తి చూస్తే ఆ మెలిక తెలియదు. నది అవతలి ఒడ్డు నుండి చూడాలి.

మర్నాడు ఉదయం ఎనిమిదికల్లా కదిలితే ఎస్తాన్ వరకు ఇరవై కిలోమీటర్ల లోపు దారిని తీరిగ్గా నడవవచ్చు. నది వెంట చదునైన దారి ఉన్నా, గుర్తులు చూపే కొండదారినే పట్టాలి. ప్యూయెక్ ద వెర్ముస్ అనే గుట్ట ఎక్కడానికి ఆయాసం వస్తుంది గాని, పైకి చేరాక కింద ఎస్పాలియోన్, నది, ఎదుటి అగ్నిశిల గుట్ట మీద కాల్మోన్ కోట ఒకే చూపులో కనిపిస్తాయి. వంతెనను కాపాడడానికి కోట, కోట నీడలో సంత, సంతకు దూరంగా పొలాల అంచున చర్చి అనే ఆ అమరికను దిగకముందే మనసులో పెట్టుకుంటే, కింద ప్రతిదీ దాని చోట దొరుకుతుంది.

గుట్ట దిగగానే వచ్చే పెర్స్ చర్చిని చాలామంది దాటిపోతారు, ఎస్పాలియోన్‌లో కాఫీ దొరుకుతుందన్న తొందరలో. కోంక్ మఠం ఆధీనంలో ఉండిన ఈ చర్చి గులాబీ ఛాయ ఇసుకరాయితో కట్టినది. దక్షిణ ద్వారం పైనున్న అర్ధచంద్రాకార ఫలకంలో పరిశుద్ధాత్మ అపొస్తలుల మీదికి దిగిరావడాన్ని, దాని కింది దూలంలో అంతిమ తీర్పును చెక్కారు. చేయి నైపుణ్యం మోటుగా ఉంటుంది. బొమ్మల తలలు పెద్దవి, ఒళ్లు చిన్నవి. అయినా ఇక్కడ పదిహేను నిమిషాలు గడపాలి, ఎందుకంటే ఇదే తీర్పును రెండు రోజుల తరువాత కోంక్‌లో మహాశిల్పంగా చూడబోతున్నాం.

ఎస్పాలియోన్‌లో ఎర్ర ఇసుకరాయి పాత వంతెన మీద నిలబడి ఒడ్డున ఉన్న ఇళ్ల అడుగుభాగాన్ని గమనించాలి. కొయ్య వసారాల కింద, నీటిలోకి మెట్లలా పొడుచుకువచ్చిన రాళ్లున్నాయి. ఇవి తోళ్లు పదును చేసేవారి ఇళ్లు. నది నీరు పెరిగినా తగ్గినా ఏదో ఒక మెట్టు నీటిమట్టానికి అందుతుంది కనుక ఏ కాలంలోనైనా తోళ్లు కడుక్కోవడానికి వీలుండేది. సముద్రానికి ఇంత దూరంగా ఉన్న ఈ ఊరిలో నీటిమునక పరికరాల మ్యూజియం ఉండడం వింతగా తోచవచ్చు. గని ఇంజనీరు బెన్వా రుకెరోల్, నౌకాదళ అధికారి ఒగుస్త్ దెనెరూజ్ ఈ ప్రాంతంవారు. మునిగినవాడి ఊపిరికి తగినట్టు గాలిని అందించే యంత్రాన్ని 1860లలో వీరే రూపొందించారు. గనుల్లో విషవాయువు మధ్య మనుషులను కాపాడే ప్రయత్నం నుండి ఆ ఆలోచన పుట్టింది.

ఎస్పాలియోన్ దాటిన తరువాత బెసుయెజూల్ చర్చిలో గంటగోపురపు మేడగదికి అరిగిన ఇరుకు మెట్లు ఉన్నాయి. సంచి కిందే పెట్టి ఎక్కాలి. పైన 11వ శతాబ్దపు చిన్న ప్రార్థనాగది, అల్లికల చెక్కడంతో ఒక బలిపీఠం ఉన్నాయి. అక్కడి నుండి దారి నిటారుగా కొండెక్కుతుంది, వాన పడితే జారుతుంది.

ఎస్తాన్‌కు వచ్చేసరికి ఇళ్ల రంగు మారిపోతుంది. ఎర్ర ఇసుకరాయి పోయి, గోడలకూ కప్పులకూ నల్లని పలకరాయి వస్తుంది. ఊరి కింద ఏ రాయి ఉంటే ఊరి మీద అదే రాయి. వంతెన మీద ఉన్న విగ్రహం రొదేజ్ బిషప్ ఫ్రాన్స్వా దెస్తాన్‌ది. ఊరి మధ్య కోట ఆ వంశానిదే. 1922లో ఆ పేరును తమ ఇంటిపేరుకు చేర్చుకున్న కుటుంబానికి చెందిన మాజీ అధ్యక్షుడు వలేరీ జిస్కార్ దెస్తాన్ తన సోదరునితో, మరొక బంధువుతో కలిసి 2005లో ఈ కోటను కొన్నారు. ఆ పాత వంశపు కౌంట్ దెస్తాన్‌కు మన తీరంతోనూ సంబంధం ఉంది: 1758 డిసెంబరులో ఫ్రెంచి సేనాని లాలీ సేనలో మద్రాసు ముట్టడికి వచ్చి ఇంగ్లీషువారికి బందీగా చిక్కాడు. చందుర్తి దగ్గర ఫ్రెంచివారు ఓడి ఉత్తర సర్కారులను పోగొట్టుకోవడం మొదలైంది కూడా ఆ నెలలోనే. జూలై మొదటి ఆదివారం వెళ్లగలిగితే సెయింట్ ఫ్లరే ఊరేగింపును చూడవచ్చు.

గోలిన్యాక్ మీదుగా కోంక్

ఎస్తాన్ నుండి గోలిన్యాక్ పద్నాలుగైదు కిలోమీటర్లే అయినా నది మట్టం నుండి మూడు వందల మీటర్లకు పైగా ఎక్కాలి. చూడవలసిన కట్టడాలు తక్కువ, నడక ఎక్కువ. చెస్ట్‌నట్ తోపులు, ఫెర్న్ పొదలు, మధ్యలో విసిరేసినట్టు పల్లెలు. మధ్యాహ్నపు తిండి ఎస్తాన్‌లోనే కొని పెట్టుకోవాలి. మూడో రోజు ఇరవై కిలోమీటర్లకు పైచిలుకు. ఎస్పెరాక్, సెనెర్గ్ ఊళ్లు దాటాక చివరి దిగుడు రాళ్లతో నిటారుగా ఉంటుంది. అలసిన కాళ్లు అక్కడే మడతపడతాయి కనుక, దిగుడుకు ముందు ఒక అరగంట ఆగడం తప్పనిసరి అనుకోవాలి.

కోంక్‌లో రెండు రాత్రులు ఉండాలి. పగలు బస్సులలో వచ్చినవారు సాయంత్రానికి వెళ్లిపోతారు, ఆ తరువాతే వీధులు చూడదగినట్టు ఉంటాయి. ఈ ఊరి చరిత్ర ఒక దొంగతనంతో ముడిపడింది: అజాన్ పట్టణంలో హతసాక్షి అయిన సాంత్ ఫ్వా అనే బాలిక అస్థికలను ఇక్కడి సన్యాసి ఒకడు 866 ప్రాంతంలో తెచ్చేశాడు, దానితో యాత్రికులూ కానుకలూ ఇటు మళ్లాయి. ఆ అస్థికల కోసం చేసిన, బంగారు రేకు తొడిగి రత్నాలు పొదిగిన కొయ్య విగ్రహం ఇప్పటికీ మఠం ఖజానాలో ఉంది. ఫ్రెంచి విప్లవకాలంలో ఊరివాళ్లు ఆ సంపదను దాచిపెట్టినందువల్లే అది దక్కింది.

చర్చి పడమటి ద్వారం మీద 12వ శతాబ్దపు అంతిమ తీర్పు శిల్పం ఉంది. సాయంత్రపు ఎండ నేరుగా దాని మీద పడుతుంది కనుక ఆ వేళకే వెళ్లాలి. ఇందులో 124 బొమ్మలున్నాయి, అక్కడక్కడా పాత రంగు మిగిలింది. మొదట మధ్యనున్న క్రీస్తు కింద త్రాసును వెతకాలి. ఒకవైపు ప్రధాన దూత మిఖాయేలు, ఎదుట ఒక దయ్యం, చిత్రగుప్తుని లెక్కలో వేలు పెట్టే ధైర్యం ఉన్నట్టు తన తట్టను వేలితో కిందికి నొక్కుతూ ఉంటుంది. మనకు ఎడమవైపు స్వర్గం: పీఠాధిపతి చేయి పట్టుకుని నడిపిస్తుండగా షార్లెమేన్ చక్రవర్తి జంకుతూ వస్తుంటాడు, కింద దేవుని చేతి ముందు సాంత్ ఫ్వా సాగిలపడి ఉంటుంది, ఆమె వెనుక కమానులకు సంకెళ్లు వేలాడుతుంటాయి, చెర నుండి విడిపించినందుకు ఖైదీలు సమర్పించినవి. కుడివైపు నరకం: గుర్రం మీది నుండి తలకిందులైన యోధుడు, మెడకు డబ్బుసంచితో ఉరివేసిన లోభి. చివరగా అంచు వంపు వెంట చూస్తే, రాతి పట్టీని రెండు చేతులా పట్టుకుని దాని వెనుక నుండి తొంగిచూసే చిన్న ముఖాలు కనిపిస్తాయి. శిల్పి వారికి కళ్లూ వేళ్లూ మాత్రమే ఇచ్చాడు.

1837లో చారిత్రక కట్టడాల తనిఖీదారుగా వచ్చిన ప్రాస్పర్ మెరిమే ఈ చర్చి శిథిలస్థితిని చూసి నివేదిక రాయడంతో దీని రక్షణ మొదలైంది. లోపలి కిటికీలకు చిత్రకారుడు పియెర్ సులాజ్ రూపొందించిన గాజు 1994లో అమర్చారు. దానిలో రంగులు లేవు. బయటి వెలుగు మారిన కొద్దీ అదే మారుతుంది కనుక పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి చూడాలి. రాత్రి ప్రార్థన తరువాత మఠంలోని సన్యాసులలో ఒకరు ద్వారశిల్పాన్ని బొమ్మ బొమ్మగా వివరిస్తారు. ఫ్రెంచి రానివారు కూడా వెళ్లాలి, ఆయన చూపుడువేలు ఎటు తిరుగుతుందో చూస్తే చాలావరకు తెలుస్తుంది.

తిరుగు ప్రయాణాన్ని ఇంటి దగ్గరే ఏర్పాటు చేసుకోవాలి. కోంక్‌కు రైలు లేదు, బస్సులు కొద్ది. సంచులు చేర్చే వ్యానులలో కొన్ని మనుషులను కూడా రొదేజ్‌కు తీసుకువెళతాయి గాని ముందురోజు అడిగితే చోటు ఉండకపోవచ్చు. రొదేజ్‌లో రాత్రి రైలుకు ముందు మిగిలే పూటను 2014లో తెరిచిన సులాజ్ మ్యూజియానికి కేటాయించాలి: కోంక్ కిటికీల కోసం ఆయన వేసిన పూర్తి పరిమాణపు నమూనాలు అక్కడ ఉన్నాయి. తరువాత ఎర్ర ఇసుకరాయి కేథడ్రల్‌ దగ్గరికి నడవవచ్చు. దాని గంటగోపురాన్ని 1510 అగ్నిప్రమాదం తరువాత తిరిగి కట్టించింది ఎస్తాన్ వంతెన మీద చూసిన ఆ బిషప్పే.